తాత దిగిన వాగు

మీ తాత పోయిన దారినే మీరూ పోవాలని మీకు చెప్పిందెవరు? అలా చెప్పినవాళ్లు ఆ దారిలో ఈరోజు నీళ్లెంత లోతున్నాయో కూడా చెప్పారా?

సుబేదారిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు తెరిస్తే పెట్రోలు, గ్రీజు, తడిసి ఆరిన కాన్వాసు కలిసిన వాసన ఇప్పటికీ ముక్కుకు కొడుతుంది. మా తాత మిలిటరీ వేలంలో కొన్న ఫోర్ వీల్ జీపు అందులోనే ఉంది. దాని మీద ఆయన ఏటూరునాగారం అడవుల మీదుగా కలకత్తా దాకా పోయివచ్చాడు. పాత బండ్ల మోజున్న కుర్రాళ్లు కొందరు మొన్న వచ్చి, అదే జీపులో, అదే దారిన మళ్లీ పోతామని తాళంచెవి అడిగారు. ఒరిజినల్ రూటే కావాలట, తాత దిగిన వాగుతో సహా.

నా చిన్నప్పుడు మా నాన్నకూ, బాపు అనేవాళ్లం, ఇదే పిచ్చి పట్టింది. మా ఇంట్లో దేవుడి పటం లేదు. ఆ చోట తాత ఫోటో ఉండేది: వాగు నడుమ జీపు, చక్రాలకు సగం దాకా నీళ్లు, బానెట్ మీద నిలబడి నవ్వుతున్న తాత. ఆ ఫోటోను అదే చోట మళ్లీ దిగాలని బాపు కోరిక. మాకు సెలవులున్నాయని దసరా తెల్లారి బయలుదేరదీశాడు. తంగేడు, గునుగు పూల వాడిన వాసన ఇంకా వాకిట్లోనే ఉంది. సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి, రొట్టెలు నలిపి చేసిన, బెల్లం కారుతున్న మలీద ముద్దలు, నువ్వుల పొడి స్టీలు డబ్బాల్లో సర్దుకున్నాం. పెద్దల చేతిలో పెట్టగా మిగిలిన జమ్మి ఆకులు నా గౌను జేబులో గలగలమంటున్నాయి.

నాయనమ్మ నిమ్మకాయలతో చక్రాలకు అడ్డం వచ్చింది. "తొక్కియ్యకుండ బండి తీస్తవారా?"

"నిమ్మకాయకు బ్రేకులున్నయా అమ్మా?" అన్నాడు బాపు. మాతో బయలుదేరిన చిన్నాయన పగలబడి నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు; తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ రెండు నిమ్మకాయలనూ నీళ్లలో పిండుకోవడానికి సంచిలో వేసుకుంది.

ములుగు దాటాక టేకు చెట్ల పచ్చి వాసన, దారి పొడవునా కంకిపట్టిన వరి, టాపు కింద వేడెక్కిన గాలి. పెద్ద రోడ్డు మీద వాగుకు వంతెన ఉంది. బాపు వంతెన ముందే బండి పక్కకు తిప్పి పాత బండ్లబాటలో దించాడు. కొమ్మలు టాపును గీకుతుంటే మేం తలలు వంచుకున్నాం. వాగు కనబడేలోపే దాని చప్పుడు వినబడింది.

ముందు చక్రాలు నీళ్లలో దిగాయి. "జర ఆగు" అంది అమ్మ. తమ్ముణ్ని నాకిచ్చి, ఒడ్డున రాయి మీద చెప్పులు విడిచి, చీర ఎగచెక్కి, అక్కడే పడున్న వెదురు కర్ర తీసుకుని నీళ్లలోకి నడిచింది.

"వదినే, చేపలు పడుతున్నవా?" చిన్నాయన అరిచాడు.

నాలుగడుగులకు మోకాళ్లు మునిగాయి. ఇంకొంచెం పోగానే నడుం. తరవాత ఆమె కర్ర ఆనించబోయిన చోట కర్రకు నేల అందలేదు. తమ్ముడు "అమ్మా" అని ఏడుపందుకున్నాడు. ఆమె ఒరిగి, నిలదొక్కుకుని, వెనక్కు తిరిగింది.

"ఏమయ్యా, ఆ ఫోటోల ఒడ్డుకు మోదుగు చెట్లున్నయి చూసినవా? ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే. ఎండకాలంల దిగిన ఫోటో అది. నిమ్మకాయను నమ్మనోనివి, ఫోటోను ఎట్ల నమ్మినవ్?"

బాపు రివర్సు గేరు వేశాడు. చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగి ఇంకా లోతుకు కూరుకుపోయాయి. నీళ్లు ఎర్రబడుతున్నాయి, ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది. మా కాళ్ల కింద రేకు మీదికి నీళ్లు ఎక్కాయి. "పిల్లలను దించు!" అంది అమ్మ. చిన్నాయన ఈసారి నవ్వలేదు. మమ్మల్ని ఇద్దరినీ చంకనెత్తుకుని గట్టు మీద దించి, అమ్మతో కలిసి బానెట్‌కు భుజం పెట్టాడు. బాపు ఫోర్ వీల్ లివరు గుంజాడు. ఇంజను దగ్గింది, ఆగినంత పనైంది, మళ్లీ అందుకుంది. జీపు ఒక్కసారిగా ఒడ్డుకు ఎగిరిపడింది.

అమ్మ చెప్పుల కోసం చూశాను. చెప్పులే కాదు, అవి పెట్టిన రాయి కూడా లేదు.

అందరం వంతెన మీదికి వచ్చి ఆగాం. మలీద ముద్ద చేతిలో పెట్టుకుని, తినకుండా, బాపు కింద వాగును చూశాడు. "ఆ దినాలల్ల ఈ వంతెన ఉండుంటే, మా నాయిన గూడ దీని మీంచే పోతుండె" అన్నాడు. కలకత్తా దాకా ఉన్న ప్రతి వంతెన మీంచీ పోయాం.

ఇప్పుడు అమ్మ లేదు, బాపు లేడు. ఆ బండ్లబాట జామాయిల్ తోటల్లో కలిసిపోయింది. మోదుగు చెట్లు లేవు. వాగు మాత్రం వానకాలం అలాగే పొంగుతుంది.

"వాగుల దిగకపోతే వీడియోకు మజా ఏముంటదక్కా?" అన్నాడు ఆ కుర్రాళ్లలో ఒకడు. వాళ్ల నాయకుడు భార్యాబిడ్డలను కూడా ఎక్కించుకుంటాడట. తాళంచెవి నా దగ్గరే ఉంది. వంతెన మీంచి పోతామంటే ఈరోజే ఇస్తాను.

మీకూ ఇదే చెబుతున్నాను. పెద్దలు దిగారు గనుక మీరూ దిగాలని ఎవరైనా అంటే, అది వాగైనా, వ్రతమైనా, కులం కట్టుబాటైనా, ముందు బండి ఆపండి. పిల్లలను ఒడ్డున దించండి. కర్ర తీసుకుని మీరే నీళ్లలోకి నడిచి, లోతు చూడండి.