లస్కరు మావయ్య గంట

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి మీద ఒట్టు. ఆయన మీద ఒట్టేసి అబద్ధమాడితే కళ్ళు పోతాయని మా నాయనమ్మ చెప్పేది. నాకు చత్వారం వచ్చిన మాట నిజమేగానీ అది నలభై దాటినవాళ్ళందరికీ వచ్చేదే, దానికీ దీనికీ ముడిపెట్టకండి.

పోయిన ఆదివారం మా అల్లుడూ అతని స్నేహితులిద్దరూ మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఆడుతున్న బాస్కెట్‌బాల్ చూస్తూ కొట్టుకున్నంత పని చేశారు. సీజను మొదలై పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే ఆ కోచ్ నిమిషానికొకణ్ణి మారుస్తున్నాడట, బాగా ఆడేవాణ్ణి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడట. వాడికి బుద్ధి లేదని ఒకరు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చూసుకుంటాడు అందర్నీ అని ఇంకొకరు. పెసరట్లు చల్లారి అట్టముక్కల్లా అయిపోయాయి. నాకు నవ్వొచ్చింది. "మీకు ఈ ఆట తెలుసాండి మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు చాలా మర్యాదగా. అంటే నాకు తెలియదని ముందే ఖాయం చేసుకుని. అప్పుడు వాళ్ళకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

తొంభైల నడుమ మాట. మా ఊరు కాలవ గట్టున, ద్రాక్షారామానికి సైకిలు దూరంలో ఉంటుంది. హైస్కూలు వెనక సిమెంటు కోర్టు ఒకటి ఉండేది. సార్వా పంట నూర్పులయ్యాక నెల్లాళ్ళపాటు అది కోర్టు కాదు, కల్లం. ధాన్యం ఎండబోసుకోవడానికి అంత చదునైన చోటు చుట్టుపక్కల ఇంకోటి లేదు మరి. ఆ ధాన్యం మిల్లుకి వెళ్ళాకే మా సీజను మొదలయ్యేది. ఎంత ఊడ్చినా పగుళ్ళలో గింజలు మిగిలేవి. పొరుగూరి జట్లు వాటిమీద జారి పడేవి, మావాళ్ళు పడేవాళ్ళు కాదు, ఏ పగులు ఎక్కడుందో వాళ్ళకి కంఠతా వచ్చు. ఒక ఏడాది ఫ్రీ త్రో గీత పక్కన మొలిచిన దుబ్బులు వెన్ను తీసి, కోసి నూరిస్తే మానెడు ధాన్యం వచ్చింది. రింగులకి కట్టిన వల మాత్రం ఉప్పాడ నుంచి తెచ్చిన చేపల వల. బంతి పడినప్పుడల్లా సముద్రం వాసన వేసేది.

ఆ వల తెచ్చింది మా చినమావయ్య, అంటే మా అమ్మకి కడగొట్టు తమ్ముడు. పన్నెండేళ్ళు మిలటరీలో చేసి, తిరిగొచ్చేటప్పుడు ఓ ట్రంకుపెట్టె, ఒక ఈల, ఈ ఆటా వెంట తెచ్చుకున్నాడు. వచ్చాక కాలవ మీద లస్కరు ఉద్యోగం దొరికింది. ఖాకీ చొక్కా, సైకిలు, హేండిలుకి వేలాడే మూరెడు తాళంచెవి. రెండో పంట దాళ్వాలో నీరు చాలదు కాబట్టి కాలవకి వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఎగువ చేలకి, ఇన్ని రోజులు కాలవ చివరనుండే శివారు చేలకి. వంతు అయిపోగానే తూము మూసెయ్యాలి. మూసే చెయ్యి మా మావయ్యది. ఆ చెయ్యికి పెళ్ళిలో వడ్డించిన విస్తరి ముందు ఎంత గౌరవం ఉండేదో, తూము దగ్గర అన్ని తిట్లు ఉండేవి.

సాయంత్రాలు జట్టుకి ఆట నేర్పేది కూడా ఆయనే. ఆయన పద్ధతి ప్రపంచంలో ఇంకెవరికీ లేదని నా నమ్మకం. పదిమందిని తీసుకుని సగానికి చీల్చాడు. బాగా ఆడే అయిదుగురు ఎగువ, మిగతా అయిదుగురు శివారు. బెంచీ మీద ఒక అలారం గడియారం పెట్టేవాడు. అయిదు నిమిషాలకోసారి గంట గణగణమనేది. మోగాక ఆట ఆగిన మొదటి క్షణంలోనే అయిదుగురు దిగిపోవాలి, అయిదుగురు ఎక్కాలి. గెలుస్తున్నామా, ఓడుతున్నామా అన్నది ఆయనకి అనవసరం. పైగా ఆ గడియారానికి అయిదు నిమిషాలంటే ఒకసారి నాలుగు, ఒకసారి ఏడు. ఎగువతో మొదలుపెట్టి వంతులు లెక్క వేస్తే ఆట చివర ఎప్పుడూ శివారు వంతే వచ్చేది.

కోర్టు పక్కన పిట్టగోడ ఉండేది. ఊళ్ళో ఆట తెలిసినవాళ్ళూ, తెలుసుననుకునేవాళ్ళూ దానిమీదే కూర్చునేవాళ్ళు. నడుమ మా పెదనాన్న. మా ఆటల క్లబ్బు ప్రెసిడెంటు ఆయనే. ఎగువ అయిదుగురిలో అందరికన్నా పొడుగువాడు, రింగు కింద నిలబడితే చెయ్యెత్తి బంతిని బుట్టలో పెట్టి వచ్చేవాడు, మా అన్నయ్య, ఆయన కొడుకే. పెదనాన్న చేలు కూడా కాలవకి ఎగువనే. అంతకు ముందటి దాళ్వాలో ఆయన తూము వంతు దాటిన అరగంటకి మా మావయ్య వెళ్ళి మూసేశాడు. అప్పటినుంచీ మా అమ్మ పెట్టిన కాఫీ కూడా తాగలేదు పెదనాన్న. పక్కనే లెక్కల మాస్టారు. ఆయన లూథరన్ చర్చిలో పాట ఎత్తుకునే మనిషి, కాబట్టి గోడమీద ఆయన గుసగుస కూడా అవతలి రింగుకి వినపడేది.

మొదటి మాచ్‌లో మేం పన్నెండు పాయింట్లు ముందున్నాం. గంట మోగింది. అన్నయ్య దిగాడు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. గోడ మండిపోయింది.

"పారే నీళ్ళకి అడ్డం పడేవాణ్ణి ఏవంటారండి మాస్టారూ?" అన్నాడు పెదనాన్న.

"లస్కరంటారండి," అన్నారు మాస్టారు.

"నవ్వులాట కాదండి. మావాడు ఇరవై రెండు పాయింట్లు వేసి ఊపుమీదున్నాడు. అప్పుడు దింపేస్తే వాడి చెయ్యి చల్లారిపోదూ?"

"చల్లారిందో, అలిసిందో చూడాలి కదండీ ప్రెసిడెంటుగారూ. సీజను ఇప్పుడేగా మొదలైంది. ఊడ్పుల్లోనే దిగుబడి అడుగుతారేంటండి?"

"ఊడ్చేటప్పుడే మొక్క తల్లకిందులుగా పాతుతుంటే అడగరేంటండి?"

 దీనికి మాస్టారు మర్నాటికి జవాబు సిద్ధం చేసుకొచ్చారు. ఆ వారమంతా ఊళ్ళో ఇదే గొడవ. మంగలి షాపులో సగం గడ్డంతో లేచిపోయి వాదించినవాళ్ళున్నారు. వంతులు ఉండాలి గానీ ఆఖరి వంతు ఎగువకి రావాలని కొందరు, అన్నయ్యని తప్ప మిగతా వాళ్ళని మార్చుకోవచ్చని కొందరు. గడియారానికి రిపేరు చేయిస్తే చాలు, అన్నీ అవే సర్దుకుంటాయని కిళ్ళీ కొట్టాయన. రెండో మాచ్ కూడా ఓడాం, అదీ ఆఖరి నిమిషంలోనే, శివారు వాళ్ళ చేతుల మీదుగానే. ఆ శివారు అయిదుగురి సంగతి చెప్పాలి. అందులో ఒకతను బాతులు మేపుకునేవాడు. కోతలయిన చేలల్లో మూడొందల బాతుల వెనక బురదలో పరుగెత్తి పరుగెత్తి, సిమెంటు మీదకి వస్తే అతని కాళ్ళకి బరువు తెలిసేది కాదు. బంతి మాత్రం అతని చేతుల్లోంచి బాతులాగే జారిపోయేది. వాళ్ళ పేటలోంచి క్లబ్బు కోర్టు మీద కాలు పెట్టినవాళ్ళలో అతనే మొదటివాడు. మావయ్య పోతే అతనూ పోతాడని అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

ఆ అయిదుగురిలో అయిదోవాణ్ణి నేను.

రెండో ఓటమి మర్నాడు పెదనాన్న ఒక కాగితం రాయించాడు. మూడో మాచ్ కూడా పోతే లస్కరుగారు ఈల అప్పజెప్పాలి, రాజమండ్రి నుంచి ఒక కాలేజీ కోచ్‌ని పిలిపిస్తారు. గోడమీద వాళ్ళంతా సంతకాలు పెట్టారు, మాస్టారు తప్ప. నేనూ పెట్టలేదు. ఆ కాగితం పెదనాన్నే తీసుకెళ్ళి మావయ్యకి లాకుల దగ్గర ఇచ్చాడు. ఆయన షట్టరు మరకి గ్రీజు రాస్తున్నాడు. చెయ్యి తుడుచుకుని, మొత్తం చదివి, ఒక్కొక్క సంతకమూ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేనండి బావగారూ," అన్నాడు.

"ఒక్క మాట ఒప్పుకో బావమరిదీ. ఆఖరి అయిదు నిమిషాలూ మావాణ్ణి ఉంచు. ఈ కాగితం చింపేస్తాను."

"శివారు చేను ఎండిపోయాక నీళ్ళొదిలి ఏం లాభమండి? ముందునుంచీ తడుపుతూ ఉండాలి. రెండు తడులే అయ్యాయి. ఇంకోటి చూడండి."

మూడో మాచ్‌కి వచ్చింది పట్నం జట్టు. అయిదుగురూ అయిదు తాటిచెట్లు. మార్చుకోవడానికి ఇద్దరున్నారు గానీ వాళ్ళు సోడాలు అందించడానికే వచ్చినట్టున్నారు. మాఘమాసం అయినా ఆవేళ ఎండ రోళ్ళు పగిలేలా ఉంది. సిమెంటు మీద అప్పడం పెడితే కాలేది. గోడమీద ఎవరో కాల్చారు కూడా. మొదటి సగంలో వాళ్ళు మమ్మల్ని పిండి ఆరేశారు. ఎగువ వంతులో అన్నయ్య కూడబెట్టినదంతా శివారు వంతులో మేం పారబోశాం. గోడ మీదనుంచి పెదనాన్న మా మావయ్య పూర్వీకుల్ని పేరుపేరునా పలకరించాడు, అందులో సగంమంది మా అమ్మ పూర్వీకులు కూడా అన్న సంగతి మర్చిపోయి.

రెండో సగం నడిమికి ఒక సంగతి జరిగింది. ముందు కనిపెట్టింది మాస్టారు. "వాళ్ళ చేతులు చూడండి ప్రెసిడెంటుగారూ," అన్నారు. బంతి ఆగినప్పుడల్లా ఆ అయిదు తాటిచెట్లూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతున్నాయి. మాలో ఎవరికీ ఆయాసం లేదు. సగం ఆట కూర్చునే ఉన్నాం కదా. అన్నయ్య తన వంతులో పులిలా విరుచుకుపడి, ఒకదాని తర్వాత ఒకటి వేసి, మూడు నిమిషాలుండగా లెక్క సమం చేశాడు. సరిగ్గా అప్పుడు గంట మోగింది.

 పెదనాన్న గోడ దిగి, పంచె ఎగ్గట్టి, కోర్టు గీత దాకా వచ్చాడు.

"బావమరిదీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. వాణ్ణి దింపకు."

"వంతు అయిపోయిందండి బావగారూ," అన్నాడు మావయ్య. గొంతు పెంచలేదు, గంట మాత్రం ఆపాడు.  అన్నయ్య ఒక్క క్షణం వాళ్ళ నాన్న వైపు చూసి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. వస్తూ వస్తూ బాతులతని వీపు మీద ఒక్కటి చరిచాడు.

తర్వాతి మూడు నిమిషాలూ బాతుల వేటే. పట్నం వాళ్ళని ఎటు పోతే అటు తరిమాం. వాళ్ళలో ఒకడు పగుల్లో గింజమీద జారి కూర్చున్నాడు, ఇంకొకడు తన బంతిని తనే కాలవ వైపు విసిరేశాడు. మావాళ్ళూ వేసింది లేదు, వాళ్ళూ వేసింది లేదు. చివరికి బాతులతను వాళ్ళ పొడుగాటివాడి చేతుల్లోంచి బంతి లాక్కున్నాడు. మొదటిసారి అది అతని చేతిలో నిలిచింది. పరుగెత్తాడు. ఇద్దరు అడ్డం పడితే నాకు అందించాడు. నేను నడిగీత మీదున్నాను. కళ్ళు మూసుకుని వేశాను. బంతి వెళ్ళి వెళ్ళి, కొబ్బరిచెట్టు మీది కాకి లేచిపోయేంత ఎత్తుకి వెళ్ళి, దిగి, రింగు మీద మూడు ప్రదక్షిణాలు చేసి, వలలో పడింది. సముద్రం వాసన వేసింది. రిఫరీ ఈల ఊదాడు.

గోడమీద ఒక్కడు కూర్చుని లేడు. మాస్టారు చర్చి పాట ఎత్తుకుంటే అన్ని కులాలవాళ్ళూ కోరస్ పాడారు. బాతులతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పారు, వాళ్ళ పేట దాకా, ప్రెసిడెంటుగారి వీధిలోంచే. ఆ సీజనులో ఆ తర్వాత మేం ఒక్క మాచ్ కూడా ఓడలేదు.  మర్నాడు పొద్దున్న పెదనాన్న తూము వంతు ఆఖరు. మావయ్య తాళంచెవి తీసుకుని సైకిలు మీద వెళ్ళేసరికి తూము మూసి ఉంది. పెదనాన్న గట్టుమీద కాళ్ళు కడుక్కుంటున్నాడు. "నీ గడియారం ఆలస్యం బావమరిదీ," అన్నాడట. తిన్నగా మా ఇంటికి వచ్చి, అమ్మని కాఫీ అడిగి తాగాడు.

ఇక్కడ ఆపితే బాగుంటుంది. అల్లుడి దగ్గర ఇక్కడే ఆపాను. అతను చప్పట్లు కూడా కొట్టాడు. కానీ భీమేశ్వరుడి మీద ఒట్టేశాను, అసలే చత్వారం.

గంట నిజం. వంతులు నిజం. మానెడు ధాన్యం అంటే గుప్పెడనుకోండి. పెదనాన్న తన చేత్తో తూము మూసుకున్నది, నమ్మకపోయినా, నూటికి నూరుపాళ్ళూ నిజం. నేను కల్పించింది ఒక్కటే, నన్ను. ఆ పదిమందిలో నేను లేను. బాతులతను ఆ బంతి ఎవరికీ ఇవ్వలేదు. అడ్డం పడ్డ ఇద్దర్నీ దాటుకుని వెళ్ళి తనే వేశాడు. నేను గోడమీద ఉన్నాను. మేనల్లుణ్ణయినా నన్ను జట్టులోకి తీసుకోలేదన్న ఉక్రోషంతో, ఆ కాగితం మీద పెదనాన్న సంతకం కింద మొదటి సంతకం నేనే పెట్టాను. మావయ్య దాని గురించి ఒక్కసారే అన్నాడు, అదీ నెలలు గడిచాక, అన్నం తింటూ. "నీ సంతకం ముచ్చటగా ఉంటుందిరా, కింద గీత కూడా గీశావు," అన్నాడు. మరుసటి ఏడు నన్ను శివారు అయిదుగురిలోకి తీసుకున్నాడు. సీజనంతా ప్రతి గంటకీ ఎక్కి దిగాను. ఒక్క బుట్ట కూడా వెయ్యలేదు. నా వంతు మాత్రం ఒక్క నిమిషం తగ్గించలేదు ఆయన.

ఆయన పోయి చాలాకాలమైంది. ఆ బాతులతని బంతిని మాత్రం ముప్పై ఏళ్ళుగా నేనే పట్టుకుని తిరుగుతున్నాను, చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త దూరం నుంచి వేస్తూ. గంట ఎప్పుడో మోగింది. దిగుతున్నాను.