రెప్టైల్ అంటే పాకాలి

మా పొలంలో చివరి బోరు కూడా ఎండిపోయిన ఏడాది, బుక్కరాయసముద్రంలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఉద్యోగం అడగడానికి వెళ్ళాను. మా వంశంలో జీతానికి పనిచేసినవాడు అంతకుముందు లేడు. తాత పట్టుబట్టి నేర్పించిన ఇంగ్లీషు ఒక్కటే అమ్ముడుపోకుండా మిగిలింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఉద్యోగం రావాలి.

స్కూలు యజమాని నాకంటే చిన్నవాడు, ఒకప్పుడు మా వేరుశనగ కొన్న దళారీ కొడుకు. అక్కడ కొత్త టీచరు ముందుగా తల్లుల ఎదుట ఒక పాఠం చెప్పాలి. వాళ్ళు మెచ్చితేనే పని. నాకు ఇచ్చింది మూడో తరగతి, జంతువుల వర్గాలు.

బోర్డు మీద మామల్, బర్డ్, రెప్టైల్, యాంఫీబియన్ అని రాసి ఒక్కొక్కటీ వివరించాను. తొండ ఏ వర్గమని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. యజమాని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమన్నా, ఇది కాలేజీ అనుకుంటివా? మా టీచర్లు కప్ప అంటే ఎగురుతారు, పక్షి అంటే చేతులాడిస్తారు. రెప్టైల్ అంటే పాకి చూపియ్యల్ల. అప్పుడే పిల్లోల్లకి ఎక్కేది."

"నేనా?"

"మల్ల నేనా? ఉద్యోగం ఎవురికి కావల్ల?"

మా ఇంటి మగవాళ్ళు పరాయివాళ్ళ ముందు నేలమీద కూర్చోరు. ఎక్కడికి పోయినా వెనకాల జీతగాడు కుర్చీ మోసుకొచ్చేవాడు. నేను బండల మీద బోర్లా పడుకుని, "రెప్టైల్" అని అరుస్తూ మోచేతులతో పాకాను. పిల్లలు విరగబడి నవ్వి, నా వెనకే వరసగా పాకారు. తొండ, బల్లి, పాము, మొసలి, అన్నీ వాళ్ళే చెప్పేశారు.

అప్పుడు వెనక బెంచీలో ఒకామె లేచింది. ఒకప్పుడు మా చేలో కలుపు తీసిన మనిషి.

"లెయ్యండి సామీ, లెయ్యండి. మీరట్ల పడుకుంటే మేం చూడలేం," అంటూ తన బిడ్డను రెక్క పట్టి లేపింది. మిగిలిన తల్లులూ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు.

సాయంత్రం యజమాని గేటు దాకా వచ్చాడు.

"పాఠం బాగుండాదన్నా. ఆయమ్మోల్లే ఒప్పుకుంటా లేరు. పెద్దింటాయన మా పిల్లోల్ల ముందర పాకితే మాకు పాపం సుట్టుకుంటాది, వద్దంటాండారు. నీకింకా శానా గౌరవం ఉండాదిలే ఈడ."

"పాకకుండా చెబుతాను."

"నిలబడి చెప్తే పిల్లోల్లకి ఎక్కదు, పాకితే వాళ్ళమ్మలకి పడదు. నేనేం చేసేది?"

చొక్కాకు అంటిన దుమ్ముతోనే బస్సెక్కాను. ఇన్నేళ్ళలో ఒక్క పూటా మాకు అన్నం పెట్టని గౌరవం, దొరకబోయిన జీతాన్ని మాత్రం లాక్కుపోయింది. ఇప్పుడా పాఠం కదిరి నుంచి వచ్చిన ఒకమ్మాయి చెబుతోందట. ఆమె పాకితే ఎవరికీ పాపం చుట్టుకోదు.