హెట్టీ కుట్టేసిన జేబు

హెట్టీ రేన్ చేతి వంట తినకుండా ఆ లోయలో ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. బడి వంటగది ఆవిడదే. ఆకలిగా ఉందా అని అడగడం ఆవిడకి చేతకాదు. ముందు పళ్లెం పెట్టేస్తుంది, తరువాత పేరడుగుతుంది. ఇంటికి వచ్చిన వాళ్లెవరైనా, పోస్టు మనిషైనా పాదిరిగారైనా, నోట్లో ఏదో ఒకటి నములుతూ బయటికి రావలసిందే. ఆ మంచి గుణమే ఒకసారి ఆవిడ కొంప ముంచబోయింది.

భర్త ఐజక్ రాతి గనిలో పనివాడు. సెలవు దొరికితే చాలు, కుక్కని వెంటేసుకుని, పెట్టెలో ఫెరెట్‌ని పెట్టుకుని కుందేళ్ల మీదికి పోయేవాడు. ఫెరెట్ అంటే ముంగిసకి చుట్టం లాంటిది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. బొరియలోకి వదిలితే లోపలున్న కుందేళ్లన్నీ బయట పరిచిన వలల్లోకి దూకుతాయి. వల తప్పించుకున్నదాన్ని కుక్క పట్టాలి. అయితే దానికన్నా ముందు కుక్క చేయాల్సిన పని ఇంకొకటుంది: ఏ బొరియలో కుందేలుందో, ఏది ఉత్తదో వాసన చూసి చెప్పాలి. ఉన్నచోట ముందుకాలు ఎత్తి కదలకుండా నిలబడాలి. లేనిచోట దాటుకుని పోవాలి. ఐజక్ దొంగనైనా క్షమించేవాడు గానీ, ఉత్త బొరియ దగ్గర నిలబడి అబద్ధమాడే కుక్కని క్షమించేవాడు కాదు.

హెట్టీకి ఇవేవీ పట్టేవి కావు. తెచ్చిన కుందేళ్లని కూరముక్కలతో కలిపి పిండిరొట్టె మధ్యలో పెట్టి కాల్చడం వరకే ఆవిడ వంతు. నేలంతా బురద చేశారని మొగుణ్ణీ కుక్కనీ ఒకే గాటన కట్టి తిట్టేది.

ఆ లోయలో కుక్కల మనుషులు ఒకరి కుక్కని ఒకరు మెచ్చుకోరు. కుక్క గాల్లోకి ఎగిరి కుందేల్ని అందుకున్నా సరే, పొగాకు పైపు నోట్లోంచి తీసి “ఫరవాలేదు” అంటారు. అంతకన్నా ఎక్కువంటే పరువు పోతుందని భయం కాబోలు. వాళ్ల మెచ్చుకోలు ఒక్కటే: “దీనికి పిల్లలు పుడితే నాకొకటి ఉంచు” అని నోరు తెరిచి అడగడం. ఆ మాట కుత్‌బర్ట్ డెంట్ నోట వినాలని ఐజక్‌కి జీవితమంతా ఆశ. లోయలో కుత్‌బర్ట్‌ని మించిన కుక్కల మనిషి లేడు మరి. కొత్త కుక్క తయారైనప్పుడల్లా ఐజక్ ఏదో పనున్నట్టు అతని గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగేవాడు. కుత్‌బర్ట్ ఎప్పుడూ అడగలేదు.

ఒక చలికాలం రాతిదుమ్ము ఐజక్ ఊపిరి తీసేసింది. స్టాంగ్ పొలం కింద చర్చి, ఆ చర్చి గోడ పక్కనే అతన్ని పూడ్చారు. తన ముసలి కుక్క చివరి ఈతలో మిగిలిన ఒకే ఒక్క పిల్లని పొయ్యి పక్కన చెక్కపెట్టెలో వదిలి వెళ్లాడు. తల్లి పరుగుల జాతి, తండ్రి గొర్రెల కుక్క. ఇలాంటి వాటిని అక్కడ లర్చర్ అంటారు. పొడుగు కాళ్లు, బూడిదరంగు గరుకు వెంట్రుకలు, దొంగ చూపు. పేరు టాన్సీ.

పూడ్చిన రోజు హెట్టీ ఇంట్లో అందరూ చేరి టీ తాగుతూ పంది మాంసపు ముక్కలు తింటున్నారు. కుత్‌బర్ట్ టోపీ చేతుల్లో నలుపుతూ పెట్టె దగ్గరికొచ్చాడు.

“హెట్టీ అమ్మాయ్, ఆ పిల్లని నాకిచ్చెయ్. నీవల్ల కాదు. వంటింట్లో పెరిగితే పిల్లిలా తయారవుద్ది.”

“ఆయన బతికున్నన్నాళ్లూ నోరు తెరిచి ఒక్క పిల్లని అడిగావా?” అంది హెట్టీ. “ఇప్పుడు జాలిపడి అడుగుతున్నావా? నీ జాలి నీ దగ్గరే ఉంచుకో. ఇంకో ముక్క తిను.”

స్టాంగ్ పొలం యజమాని మాథ్యూ ఆల్డర్సన్ అక్కడే ఉన్నాడు. ఆ పొలంలో కుందేళ్లు పట్టే హక్కు ఐజక్‌ది. ఆల్డర్సన్ తక్కువ మాటల మనిషి.

“వచ్చే చలికాలం, మంచు పడి బొరియల మీది దురదగొండి చచ్చాక కుక్కని తీసుకురా, మిసెస్ రేన్. పని చేస్తే పొలంలో హక్కు ఐజక్ పేరు మీదే ఉంటది. లేదంటే కుత్‌బర్ట్‌కిస్తా. గొర్రెల జోలికెళ్తే మాత్రం నా దగ్గర తుపాకీ ఉంది, ముందే చెప్తున్నా.”

అలా మాట ఖాయమైపోయింది. అంతమంది ముందు కుదిరిన మాటని వెనక్కి తీసుకునే రకం కాదు హెట్టీ.

తెలియని పని కదా అని బెదిరిపోలేదు. ఐజక్ చేస్తుండగా తను తిడుతూ చూసిందంతా ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. ఐజక్ ముసలి ఫెరెట్ బిషప్‌కీ, టాన్సీకీ ఒకే గిన్నెలో పాలు పట్టింది. బిషప్ ఒకసారి దాని ముక్కు కొరికి పెద్దరికం చూపించాక ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఐజక్ మేజోడులో గుడ్డలు కుక్కి, కుందేలు తోలు చుట్టి, ఇంటి పక్క సందులో విసిరేది. సందు అటువైపు మూసుకుని ఉంటుంది. తీసుకున్నాక టాన్సీ వెనక్కి, హెట్టీ దగ్గరికే రావాలి. అది మొండికేస్తే తరమకుండా వీపు తిప్పి నేల మీద కూర్చునేది. కాసేపటికి భుజం పక్కన తడి ముక్కు తగిలేది. పొద్దున్నే గొర్రెల మధ్యనుంచి తాడుతో నడిపించేది. కొత్తగా ఈనిన ఒక గొర్రె టాన్సీని కుమ్మి బురదలో దొర్లిస్తే, అడ్డుపడకుండా చూస్తూ నిలబడింది. ఆ తరువాత గొర్రె కనబడితే టాన్సీ ఆకాశం వైపు చూసేది.

వసంతం వచ్చాక బొరియల దగ్గరికి తీసుకెళ్లింది. మొదటిరోజే టాన్సీ ఒక బొరియ దగ్గర ఆగి కాలెత్తింది. హెట్టీ గుండె ఎగిరి గంతేసింది. కోటు జేబులోంచి జున్నుముక్క తీసి నోట్లో పెట్టి, ముద్దులాడి, మళ్లీ ఇంకో ముక్క పెట్టింది. మర్నాడు ఇంకో బొరియ దగ్గర ఆగింది. మళ్లీ జున్ను. వారం తిరిగేసరికి టాన్సీ ప్రతి బొరియ దగ్గరా బొమ్మలా నిలబడడం మొదలుపెట్టింది. హెట్టీకి కాళ్లు నేల మీద ఆనలేదు. కొట్టు ముందు కుత్‌బర్ట్ కనబడితే ఆపి మరీ చెప్పింది.

“దిగువ గుట్టంతా తిరిగాం. ఒక్క బొరియ కూడా వదల్లేదు, తెలుసా?”

కుత్‌బర్ట్ పైపు తీశాడు. “దిగువ గుట్టా? కుందేళ్ల జబ్బొచ్చి అన్నీ పోయినప్పటినుంచి అక్కడ ఒక్కటి కూడా లేదమ్మాయ్. నీ కుక్క బొరియ వాసన చూట్టం లేదు, నీ జేబు వాసన చూస్తోంది.”

వరసలో నిలబడ్డ ఆడవాళ్లంతా నవ్వారు. హెట్టీ చెవులు కాలిపోయాయి. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. అడగకుండానే పెట్టే తన చెయ్యే ఐజక్ కుక్కకి అబద్ధం నేర్పింది. ఐజక్ జన్మలో సహించని పనిని ఆయన కుక్క చేత చేయించానే అని ఏడ్చింది. ఏడుపయ్యాక సూదీ దారం తీసుకుని కోటు జేబుని నల్లదారంతో అడ్డంగా కుట్టేసింది.

ఆ వేసవంతా ఆవిడ మొహం చూసిన వాళ్లు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. సాయంత్రం గట్టు మీద కూర్చుని కుందేళ్లు ఏ బొరియల్లోకి దూరుతున్నాయో చూసేది. పొద్దున్నే టాన్సీని అటు తీసుకెళ్లేది. అది ఉత్త బొరియ దగ్గర కాలెత్తి, జున్ను కోసం కళ్లెత్తి చూస్తే, హెట్టీ రాయిలా నిలబడేది. తిట్టు లేదు, ముద్దు లేదు. ఆ కళ్లని చూస్తూ ఏమీ పెట్టకుండా ఉండడం ఆవిడకి మొగుణ్ణి పూడ్చినంత కష్టమైంది. నిజమైన బొరియ దగ్గర నిలబడితే మాత్రం “మంచిపిల్ల” అని ఒకే ఒక్క మాట. టాన్సీ మొదట తికమకపడింది, అలిగింది, కొన్నాళ్లు బొరియల వైపే చూడ్డం మానేసింది. హెట్టీ కూడా మొండిదే. ఆకులు రాలే వేళకి టాన్సీ కళ్లు హెట్టీ జేబుని వదిలి నేల వైపుకి తిరిగాయి.

మంచు పడింది. దురదగొండి నల్లబడి చచ్చింది. హెట్టీ బిషప్‌ని పెట్టెలో పెట్టుకుని, వలలు భుజాన వేసుకుని స్టాంగ్ పొలానికి వెళ్లింది. ఆల్డర్సన్ తుపాకీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. కుత్‌బర్ట్ తన ఫెరెట్‌తో సహా వచ్చాడు, పొలం తనదే అయిపోయినట్టు.

మొదట పెద్ద గుట్ట. గుట్టంతా బొరియలు, గుమ్మాల ముందు తాజా పెంటికలు. టాన్సీ ఒక బొరియ వాసన చూసి దాటింది. ఇంకోటి చూసి దాటింది. గుట్టంతా తిరిగి అవతలికి దిగిపోయింది.

“కుక్కకి జలుబా?” అన్నాడు కుత్‌బర్ట్.

“నా కళ్లకే కనబడుతున్నాయిగా పెంటికలు,” అన్నాడు ఆల్డర్సన్. “ఇంత మంద ఇక్కడుంటే ఇదేంటి ఇలా పోతోంది?”

 హెట్టీ చెయ్యి తనంతట తనే జేబు మీదికి పోయింది. వేళ్లకి నల్లదారం తగిలింది. తను వెళ్లి ఒక బొరియ పక్కన నిలబడి మెత్తగా పిలిస్తే చాలు, టాన్సీ తన కోసం కాలెత్తుతుంది. ఆ సంగతి ఆవిడ ఒక్కదానికే తెలుసు. మగవాళ్లిద్దరూ తననే చూస్తున్నారు.

“ఉత్త గుట్ట,” అంది హెట్టీ. “ఇందులో ఏమీ లేవు.”

“లేవా? నేను చూపిస్తానుండు,” అని కుత్‌బర్ట్ తన ఫెరెట్‌ని లోపలికి వదిలాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. కాసేపటికి అది అవతలి బొరియలోంచి తల బయటపెట్టి, ఒళ్లు విరుచుకుని ఆవలించింది. ఏదీ బయటికి దూకలేదు.

అప్పటికి టాన్సీ దూరంగా, గొర్రెల దొడ్డి పక్కన కూలిపోయిన రాతిగోడ కింద నిలబడి ఉంది. కాలెత్తి, తోక బిగించి, చెక్కిన బొమ్మలా ఉంది. కళ్లు నేల మీదే ఉన్నాయి. హెట్టీ వైపు చూడనైనా లేదు.

“మేత ఇక్కడ, కాపురం అక్కడన్న మాట,” అని గొణిగాడు ఆల్డర్సన్.

రాళ్ల మధ్య సందులన్నిటికీ వలలు పరిచి, హెట్టీ బిషప్‌ని వదిలింది. లోపల దబదబా చప్పుడైంది. ఒక వల ఎగిరింది, పక్కది ఎగిరింది, ఆ పక్కది ముడుచుకుపోయింది. హెట్టీ ఒక్కోదాని మెడకి ఒక్క మెలిక పెట్టి పని ముగించి పక్కన పెడుతుండగా, పెద్ద పోతు కుందేలొకటి రాళ్ల సందులోంచి వల తప్పించుకుని తిన్నగా గొర్రెల మందలోకి దూకింది. టాన్సీ దాని వెనకే దూకింది.

గొర్రెలు చెల్లాచెదరయ్యాయి. ఆల్డర్సన్ తుపాకీ చంకలోంచి జారి చేతిలోకి వచ్చింది.  గొర్రెపిల్లొకటి బెదిరి టాన్సీకి అడ్డంగా పడింది. టాన్సీ దాని మీదనుంచి గెంతి, అటు తల కూడా తిప్పకుండా, గోడ దగ్గర మలుపులో కుందేల్ని నోట కరచుకుంది. మళ్లీ అదే మందలోంచి, అటూ ఇటూ చూడకుండా, నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. హెట్టీ చేతుల్లో పెట్టేసరికి కుందేలు ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది, ఒంటి మీద ఒక్క పంటిగాటు లేదు.

ఆల్డర్సన్ తుపాకీ మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. “పొలం నీదే, మిసెస్ రేన్,” అని, మళ్లీ సర్దుకుని, “ఐజక్ పేరు అక్కర్లా, నీ పేరు మీదే,” అన్నాడు.

హెట్టీ నేల మీద కూర్చుంది. టాన్సీ చెవులు రెండు చేతుల్లోకి తీసుకుని మొహం దాని మెడలో దాచుకుంది.

కుత్‌బర్ట్ టాన్సీ చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. పైపు తీశాడు, జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. చాలాసేపు చర్చి వైపు చూశాడు.

“ఫరవాలేదు,” అన్నాడు చివరికి. ఆ తరువాత, నేల చూస్తూ, నోట్లోనే, “దీనికి పిల్లలు పుడితే... నాకొకటి ఉంచుతావా, హెట్టీ?”

హెట్టీ లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంది.

“ఏంటి, వినపళ్లా,” అంది.

“వినపడిందిలే నీకు.”

“నాకు వినపడింది. ఆయనకి వినపడాలిగా.” గోడ అవతల చర్చి పక్కకి చెయ్యి చూపించింది. “గట్టిగా అడుగు, కుత్‌బర్ట్. జీవితమంతా కాచుకున్నాడు.”

కుత్‌బర్ట్ ఆవిడ వంక చూశాడు, గోడ వంక చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, గొర్రెలన్నీ తలలెత్తి చూసేంత గట్టిగా అడిగాడు.