స్మృత్యర్థంలో పోయిన ఒత్తు

నంద్యాలలో నాకో డీటీపీ షాపుంది. కొన్నేళ్ల కిందట ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఫోన్లో టైపు చేసిన తెలుగును పాత ఫాంట్లలోకి మార్చడం దాని పని. అక్షరాల స్టిక్కర్లు కోసే మిషన్లు పాత ఫాంట్లనే చదువుతాయి మరి. దాన్ని సోర్సుతో, అంటే నేను రాసిన అసలు కోడ్‌తో సహా నెట్లో పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒకటే షరతు: ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సోర్సు కూడా ఇవ్వాలి, ఇదే లైసెన్సుతో ఇవ్వాలి.

ఆ షరతు మీద నాకూ, పక్క షాపులో కంప్యూటర్లు బాగుచేసే అన్నకూ ఎప్పుడూ వాదనే. సొంత అన్న కాదు. సోర్సు నుంచి నడిచే ప్రోగ్రాంను తయారుచేయడం, అదే బిల్డ్ చేయడం ఎట్లాగో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే.

“ఫ్రీగా ఇస్తే ఎవడు లెక్కచేస్తాడమ్మా?” అనేవాడు.

“ఫ్రీ అంటే ఊరికే ఇచ్చేది కాదన్నా, స్వేచ్ఛ. అమ్ముకో, ఎవరొద్దన్నారు? లోపల ఏముందో మాత్రం దాచొద్దు.”

“ఈ ఊర్లో సోర్సు చూసేటోళ్లు యాడుండారు?” అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

మా నాయన పోయిన ఏడాదికి, ఆయన పాఠాలు చెప్పిన బడిలో మంచినీళ్ల తొట్టి కట్టించాం. దానికి పెట్టే పలక కోసం ఆళ్లగడ్డలో మా షాపు ఎరిగిన ఒక శిల్పికి వాట్సాప్‌లో మాటలు పంపాను. పలక తయారైందని కబురొస్తే వెళ్లాను.

నల్లరాయి మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మొదటి వరుస చదివి అక్కడే నిలబడిపోయాను. ‘స్మృత్యర్థం’ అని ఉండాల్సిన చోట ‘స్మృత్యరం’ అని ఉంది.

“ఏందమ్మా, అట్ల నిలబడిపోతివి?” అన్నాడు శిల్పి.

చూపించాను. “నేను స్టిక్కరు అంటిచ్చి దాని మీదనే చెక్కినా తల్లీ. మిషను ఎట్ల కోసింటే అట్లనే.”

ర కింద థ ఒత్తు ఎగిరిపోవడం నాకు తెలిసిన తప్పే. నా ప్రోగ్రాం మొదటి రోజుల్లో ఉండేది, సరిచేసి చాలా కాలమైంది. ఆయన కంప్యూటర్ తెరిపించాను. ప్రోగ్రాం పేరు వేరు. నా పేరు లేదు, సోర్సు లేదు, లైసెన్సు లేదు. కానీ పని మొదలుపెట్టగానే తెర మీద ‘కాసేపు ఆగండీ’ అని వచ్చింది. ఆ చివరి దీర్ఘం నేను పొరపాటున కొట్టింది.

“ఇది యాడ కొంటివి?”

“నంద్యాలలోనే. మీ పక్క షాపాయన దగ్గర.”

బస్సెక్కి నంద్యాలకు వచ్చాను. నేరుగా అన్న షాపుకే వెళ్లి, పలక ఫోటో ఆయన ముందు పెట్టాను.

ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు. “నువ్వే గదమ్మా, ఎవరన్నా అమ్ముకోవచ్చని రాసినావ్?”

“రాసినా. దాని కిందనే సోర్సు ఇయ్యాలని గూడా రాసినా. చదవలేదా?”

“చదివినా.” తల ఎత్తలేదు. “చదివే తీసేసినా.”

తెలియక చేశానంటాడని దారంతా ఎదురుచూస్తూ వచ్చాను. ఆ మాటకు సిద్ధంగా లేను.

“నేను సరిచేసింది నెట్లోనే ఉండె గదా. అదన్నా తీసుకొని మళ్లా బిల్డ్ చేసి ఇయ్యకపోతివా?”

“అమ్మినాక మళ్లా చూడలేదు.” ఫోను నా వైపు జరిపాడు. “మీ నాయన పలక అనుకోలేదమ్మా.”

“ఎవరి నాయనదైతే ఏమన్నా?”

మర్నాడు పొద్దున ఇద్దరం ఆళ్లగడ్డకు వెళ్లాం. శిల్పి కంప్యూటర్ ముందు అన్నే కూర్చుని కొత్త సోర్సు దించాడు, బిల్డ్ చేశాడు, లైసెన్సు కాగితం ప్రింటు తీసి శిల్పి చేతిలో పెట్టాడు. ‘అర్థం’, ‘తీర్థం’, ‘స్మృత్యర్థం’ కొట్టి చూశాం. ఒత్తులన్నీ వచ్చాయి. పలకను అరగదీసి మళ్లీ చెక్కి ఇస్తానన్నాడు శిల్పి.

తర్వాత శిల్పి గోడకున్న పాత స్టిక్కర్ల నకళ్ల కట్ట దించాడు. ఒక్కొక్కటే తిప్పుతూ ఆగిపోయాడు. “ఇదీ అంతే, ఒత్తు లేదు. ఆత్మకూరుకు పోయింది. ఇది డోన్‌కు.”

అన్న ఆ రెండూ తీసి పక్కన పెట్టాడు. శిల్పి ఆత్మకూరు వాళ్లకు ఫోను చేసి, వాళ్ల స్మారక రాతి మీద అక్షరం తప్పుందని చెప్పాడు. అవతల ముసలాయన గొంతు స్పీకర్లో వినిపించింది.

“తప్పా? రోజూ పూలు పెడతాండాం గదప్పా దానికి!”