సాంబ్రాణి చెట్టుకు మునక్కాయలు

ఆ రోజుల్లో లాటిన్ పేరు లేని చెట్టు నా కంటికి చెట్టులాగే ఆనేది కాదు. బెంగళూరులో ఎమ్మెస్సీ బాటనీ ముగించుకుని చింతామణిలో మా ఇంటికి వచ్చిన కొత్త. మా అమ్మ పొయ్యి దగ్గరనుంచి కరివేపాకు అందుకోరా అని కేక వేస్తే, ముందు దాని శాస్త్రీయ నామం, ఆ పేరు ఏ శతాబ్దంలో ఏ దొర పెట్టాడన్న సంగతి వివరించి ఆ తర్వాతే కొమ్మ విరిచేవాణ్ణి. “అయ్యో నాయనా, పోపు మాడిపోతాండాది, దొర సంగతి అన్నం తిన్నాక చెప్పుదువులే” అనేది ఆమె పాపం. చింతపండు మండీ నడిపే మా నాన్న అయితే నేను వస్తుంటేనే చెప్పులు వెతుక్కునేవాడు. ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వు వెనకాలే సిగ్గొస్తుంది. నవ్వు కాసేపుండి పోతుంది గానీ సిగ్గు మాత్రం వచ్చిన చుట్టంలా చాప పరుచుకుంటుంది.

అప్పట్లో బాగేపల్లి దాటినాక గూళూరు రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో నాకు అతిథి ఉపన్యాసకుడి ఉద్యోగం దొరికింది. (అతిథి అంటే మర్యాద చేస్తారనుకునేరు. ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లమనవచ్చునని దాని అర్థం.) మాఘమాసంలో ఒకనాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిపించాడు. “ఏమప్పా బాటనీ, కాలేజీని తనిఖీ చేసేదానికి కమిటీ వస్తాండాది. కాలేజీలో ఉండే చెట్లకన్నిటికీ పేర్ల బోర్డులు పెట్టించల్ల. ఇంగ్లీషులో గాదు, ఆ నోటికి తిరగని పేర్లుంటాయే, అవి. బాగా చేస్తివంటే వచ్చే ఏడూ నువ్వే” అన్నాడు. నేను గాలిలో తేలుతూ బయటికొచ్చాను.

కాలేజీ వెనక నలభై రెండు చెట్లున్నాయి. వాటిని చూసుకునే మనిషిని అందరం తోటప్ప అనేవాళ్లం. గూళూరు పక్క పల్లె ఆయనది. అరవైకి దగ్గరలో ఉన్న బక్కపలచని మనిషి, నడుముకు కొడవలి, చెవి మీద బీడీ. నేను నోటు పుస్తకంతో ముందు నడిస్తే, బోర్డులు తగిలించే మేకులు ముందే దిగేసి పెట్టడానికి ఆయన సుత్తి పట్టుకుని నా వెనక నడిచేవాడు. (చెట్టుకు మేకు కొట్టకూడదని చదివిన బాటనీ కూడా ఆ పూట నాకు గుర్తు రాలేదు.) చిక్కేమిటంటే, మా సీమలో మాఘం వస్తే సగం చెట్లకు ఒక్క ఆకు మిగలదు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆకునుబట్టి, పువ్వునుబట్టి చెట్టును గుర్తు పట్టమంటాయి. మోడులను ఎలా గుర్తు పట్టాలో ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. అయితే ఏం, నేను బెరడును గోటితో గీకి, వాసన చూసి, కళ్లు సగం మూసి, ఒక పేరు ఉచ్చరించేవాణ్ణి. ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు అలా చేస్తుంటే చూశాను.

“సారూ, చిగురేసేదాకా నిలబడితే కాదా? ఉగాదికంతా అన్నీ ఆకేస్తాయి” అన్నాడు తోటప్ప మొదటిరోజే.

“కమిటీ నీ చిగురు కోసం నిలబడుతుందా అప్పా? నువ్వు మేకు కొట్టు” అన్నాను.

ఒక చెట్టు దగ్గర ఆయనే చనువుగా, “ఇది సోమిద మాను సారూ, జొరానికి దీని చెక్క కాచి తాగుతారు” అన్నాడు. కొమ్మల్లో విచ్చుకున్న ఎండు కాయలు చూసి నేనప్పటికే మహాగని అని రాసేసుకున్నాను. “సోమిద, గీమిద అని బోర్డు మీద రాస్తే కమిటీ నవ్వుతుంది. ఇవి పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద పెద్ద దొరలు కూర్చుని పెట్టిన పేర్లు. పేరు చివర ఈ రెండక్షరాలున్నాయి చూడు, అవి ఆ దొర గుర్తు” అని నోటు పుస్తకం చూపించాను. ఆయన కాసేపు ఆ అక్షరాలకేసి చూసి, “దొర పేరెందుకు సారూ చెట్టుకు, ఆయప్ప నాటినాడా?” అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను పగలబడి నవ్వాను. స్టాఫ్ రూముకు వెళ్లి అందరికీ చెప్పి ఇంకోసారి నవ్వాను.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం గోడ పక్క మోడు దగ్గర చేశాను. ఛాతీ ఎత్తున నరికేసిన లావుపాటి తెల్లని బోదె. మేకు దిగిన చోటినుంచి జిగురు కారింది. తెల్లని బెరడు, కారే బంక! అడవుల్లో తప్ప కనిపించని బాస్వెల్లియా, అంటే సాంబ్రాణినిచ్చే చెట్టు! “అప్పా, దీని విలువ తెలుసా నీకు?” అన్నాను. తోటప్ప తల గోక్కుని, “సారూ, అది మున...” అనబోయాడు. “నువ్వు ఇంకో మేకు కొట్టప్పా!” అని గద్దించాను. ఆ బంకను కాగితంలో పెట్టుకుపోయి ప్రిన్సిపాల్ బల్ల మీద పళ్లెంలో నిప్పులు పెట్టి వాటి మీద వేశాను. కాలిన గోనెపట్టా వాసన వచ్చింది. “పచ్చిది గదా సార్, ఆరితే పరిమళిస్తాది” అన్నాను. ఆయన ముక్కు మూసుకునే నా భుజం తట్టాడు.

బోర్డులు రాసింది చింతామణిలో బండ్లకు నంబర్ ప్లేట్లు రాసే పెయింటరు. లాటిన్ పేర్లు పక్కకు వాలినట్టు రాయాలని చెబితే, “గాలికి ఒరిగినట్టా సార్?” అని అడిగి చాలా అందంగా రాశాడు. అన్నీ కొట్టాక తిరిగి చూసుకుంటే నాకు కడుపు నిండిపోయింది. తీరా కమిటీ రాలేదు. శ్రావణానికి వాయిదా పడిందన్నారు. సెలవులు రాగానే అతిథుల్ని ఇళ్లకు పంపించేశారు.

శ్రావణంలో మళ్లీ పిలుపొచ్చి నేను కాలేజీలో అడుగుపెట్టేసరికి కమిటీ రావడానికి ఒక్కరోజుంది. వెనక్కి వెళ్లి చూద్దును కదా, నా సాంబ్రాణి చెట్టు నిండా మునక్కాయలు! మూరెడేసి కాయలు గాలికి ఊగుతూ నా బోర్డును తాకుతున్నాయి. మునక్కాయను సాంబారులో తప్ప చెట్టు మీద నేనెప్పుడూ సరిగ్గా చూసినవాణ్ణి కాదని అప్పుడు తెలిసింది. చుట్టూ చూస్తే సగం చెట్లు ఆకులేసుకుని నన్ను వెక్కిరిస్తున్నాయి. బోర్డులు పీకించేద్దామని ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తి, పెయింటు పోయిందని సాకు చెప్పాను. “నలభై రెండు బోర్డులని కమిటీకిచ్చే నివేదికలో రాసిపెట్టినాము. ఒక్కటి తగ్గినా ఊరుకోను” అన్నాడాయన. ఇంకేం చేసేది? తోటప్పను పిలిచి మునక్కాయలన్నీ కోయించాను. ఆయన కోసి మోపు కట్టాడు. చిటారుకొమ్మన రెండు కాయలు కొడవలికి అందలేదు.

మరునాడు వచ్చిన కమిటీ ముగ్గురిలో ఒక పెద్దావిడ బాటనీ ప్రొఫెసరు. మెడలో భూతద్దం, కాళ్లకు బూట్లు. ఊరు అనంతపురం వైపట, కన్నడం కాక తెలుగులోనే మాట్లాడింది. ఆఫీసులో కాఫీ కూడా తాగకుండా, “ముందు చెట్లు చూద్దాం” అని లేచింది. మొదటి నాలుగు చెట్లూ నన్ను కాపాడాయి. తర్వాత ఆమె గోడ పక్కకు వెళ్లి, బోర్డు చదివి, తలెత్తి ఆ రెండు కాయలను చూసి, మళ్లీ బోర్డు చదివింది. “సాంబ్రాణి చెట్టు మునక్కాయలు కాయడం నా సర్వీసులో ఇదే చూడటం” అంది. మిగతా ఇద్దరూ నవ్వారు. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. వచ్చే ఏటి ఉద్యోగం, మా నాన్న ముఖం, మండీలో జనం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

“బోర్డులు కొట్టిన మనిషికి చదువు రాదు మేడం. తారుమారు చేసినట్టుండాడు.”

సుత్తి పట్టుకుని రెండడుగుల దూరంలో తోటప్ప నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. మడిలో జారిపడిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆ పెద్దావిడ మాత్రం వదల్లేదు. “తారుమారైతే మునగ పేరున్న బోర్డు ఇంకో చెట్టుకు ఉండాలి కదా? అదెక్కడ?” అని నన్నే అడిగింది. అలాంటి బోర్డు రాయించి ఉంటే కదా ఎక్కడైనా ఉండటానికి!

“ఆ బోర్డు నేనే పోగొట్టుకుంటిని తల్లీ,” అన్నాడు తోటప్ప. “చదువు లేనోణ్ణి, ఏది యాడ కొట్టాల్నో తెలియక కొట్టేస్తిని. సారుదేం తప్పు లేదు.”

ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత ఇంకేం అడగకుండా, “సరే పెద్దాయనా, బోర్డులు వద్దు. నువ్వే చెప్పు చెట్ల పేర్లు” అని ఆయన వెంట నడిచింది. ఆయన ఒక్కోదాన్నీ చేత్తో తాకుతూ చెప్పాడు. ఇది తపసి, ఇది బిల్లుడు, ఇది నేను నాగరగెరె నుంచి సైకిలు మీద తెచ్చిన మొక్క, దీనికి మూడేండ్లు బిందెతో నీళ్లు పోస్తిని. నలభై రెండూ ఆయన నాటినవే! నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మహాగని బోర్డు దగ్గర ఆయన “సోమిద మాను” అనగానే ఆమె ఆగిపోయింది. “దీని లాటిన్ పేరు ‘సోయ్‌మిడా’. పంతొమ్మిదో శతాబ్దంలో దీనికి పేరు పెట్టినవాళ్లు మన తెలుగువాళ్ల నోటి మాటనే తీసి పుస్తకంలో పెట్టుకున్నారు. సముద్రాలు దాటి వచ్చినవాళ్లు కూడా ఇక్కడివాళ్లను అడిగి రాసుకున్నారయ్యా” అంది. చివరి మాట నా వైపు చూసే అంది. నేను బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగాను. ఆ రోజు వేసుకున్నవి చెప్పులని వంగాక తెలిసింది.

కమిటీవాళ్లు తమ నివేదికలో బోర్డులు తప్పని ఒక వాక్యం రాశారు. దానికి చర్య తీసుకున్నట్టు కాగితం కావాలి కనుక తోటప్పను తోటనుంచి తీసి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. తోటను బెంగళూరు ఏజెన్సీకిచ్చారు. వాళ్లు ముందర గడ్డి పరిచి, వెనక చెట్లను ఎండకు వదిలేశారు. నాకు మరుసటి ఏడు ఉద్యోగం వచ్చింది, ఆపై ఏడూ వచ్చింది. రోజూ ఉదయం ఆయన స్టూలు మీదినుంచి లేచి “నమస్కారం సారూ” అనేవాడు. వారం రోజులకే భరించలేక, క్యాంటీను వెనక గోడకు పడిన కంతలోంచి దూరి రావడం మొదలుపెట్టాను. చేతిలో టిఫిన్ బాక్సు, చంకలో హాజరు పుస్తకం, తల వంచుకుని కంతలో దూరే ఉపన్యాసకుణ్ణి చూసి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రెండేళ్లు దూరాను.

చిక్కబళ్లాపురంలో నాకు గట్టి ఉద్యోగం దొరికాక, ఆఖరిరోజున ధైర్యం వచ్చింది. (ఇక పోయేదేమీ లేనప్పుడు వచ్చేదాన్ని ధైర్యమంటారో లేదో మీరే చెప్పాలి.) ప్రిన్సిపాల్ ఎదుట నిలబడి అంతా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, “తెలుసులేప్పా. ఆపొద్దే తెలుసు. నిన్ను పంపిస్తే అంత తక్కువ జీతానికి బాటనీ చెప్పేవాడు నాకు యాడ దొరుకుతాడు? గేటు కాసేదానికి, గడ్డి కోసేదానికి అయితే ఎవడైనా దొరుకుతాడు” అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

అక్కడినుంచి తిన్నగా గేటు దగ్గరికి వెళ్లాను. “అప్పా, నన్ను క్షమించు. తప్పు నాదేనని ప్రిన్సిపాలుకు చెప్పేసినాను” అన్నాను. తోటప్ప మెల్లగా లేచాడు. “చెప్పినావా సారూ? ఆయప్ప ఏమన్నాడు?” అని అడిగాడు. ఆ మాటలు నేనెలా చెప్పను? “చాలా బాధపడినాడప్పా” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “అట్లనా! అయితే నన్ను చెట్లకాడికి పొమ్మంటాడు గదా? సోమిద మాను ఎండిపోతాండాది సారూ, ఈడ కూర్చుని చూడలేక సస్తాండా” అన్నాడు. ఇంకో అబద్ధమాడి, ఇంకోసారి ఆయన్నే బలిపెట్టానని నాకప్పుడు తట్టింది. “అంటాడు” అని చెప్పి వెనక్కి పరుగెత్తాను.

ప్రిన్సిపాల్ గదిలో తెల్లకాగితం లాక్కుని, బోర్డులలో తప్పంతా నాదేనని, ఆ సంగతి ప్రిన్సిపాలుకు ఆనాడే తెలుసునని రాసి, సంతకం పెట్టాను. “ఇది ఆ కమిటీ మేడంకు పోస్టు చేస్తాను సార్. ఆమె అడ్రసు నా దగ్గర ఉండాది” అన్నాను. (లేదు. నా జీవితంలో పనికొచ్చిన అబద్ధం అదొక్కటే.) ఆయన నన్ను నఖశిఖ పర్యంతం తిట్టి, చివరికి కాగితం చించేస్తూ, “ముందర గడ్డి ఏజెన్సీదే. వెనక చెట్లు కావాలంటే వాణ్ణి చూసుకోమను. అయితే ఈ పూట గేటుకు ఎవర్ని పెట్టేది?” అని అరిచాడు. “నేనుండా గదా” అన్నాను.

తోటప్పకు చెబితే థ్యాంక్స్ చెప్పలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. చెవి మీది బీడీ సర్దుకుని, స్టూలు నా వైపు తోసి, “కూర్చో సారూ” అని బిందె వెతుక్కుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. నేను కూర్చున్నాను. నా విద్యార్థులు వింతగా చూస్తూ వెళ్లారు. ఇంగ్లీషు మేడం స్కూటీ ఆపి, “ఏమి సార్, మీరు ఈడ?” అని అడిగితే, “తోటప్పకు బదులు” అన్నాను. చింతామణికి సాయంత్రం బస్సు వచ్చేదాకా అలాగే ఉన్నాను. వెళ్లొస్తానని చెబుదామని వెనక్కి వెళ్తే, ఆయన సోమిద మాను మొదట్లో వంగి పాదు తవ్వుతున్నాడు. ఒకటి రెండుసార్లు దగ్గాను, వినిపించలేదు. నేననేవాణ్ణి ఒకణ్ణి గేటు దగ్గర ఉన్నానన్న సంగతే ఆయనకు గుర్తు లేదు. ఆ రెండేళ్లలో మొదటిసారిగా నేను పెద్ద గేటులోంచి నడిచి బయటికి వచ్చాను.