గేటు కాడి సింహం

అత్వెల్లిలో సెంట్రింగ్ పనులు చేయించే మైసయ్యకు ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టినవాడు ప్రతాప్. ముగ్గురక్కలు చంక దించకుండా పెంచారు. ఆ గారాబంలో వాడికొక నమ్మకం కుదిరింది: ఆడవాళ్లనేవాళ్లు తను పిలిస్తే పలకడానికీ, తను తిన్న కంచం తీయడానికీ పుట్టారని. అది తప్పురా అని చెప్పాల్సిన తల్లి సాలమ్మ "మగపిలగాడు, గట్లనే ఉంటడు" అంటూ ఇంకో రెండు ముక్కలు కూర వడ్డించేది. ఇంట్లో పులి అలా తయారైంది.

వీధిలోకి వస్తే పిల్లే. ఒకసారి ఊరకుక్క గుర్రుమంటే చిన్నక్కను ముందుకు తోసి తను గోడెక్కాడు. కుక్క కరిచింది అక్కను, సూదులు పొడిపించుకున్నది అక్క. "కుక్కను నేనే తరిమిన" అని వీధంతా చెప్పుకుని తిరిగినవాడు మాత్రం వీడు. బడిలో సారు బయటికెళ్తే, మాట్లాడిన పిల్లల పేర్లు బోర్డు మీద రాసే పని కూడా అడిగి మరీ తీసుకున్నాడు. నాయకత్వం అనే జబ్బు అక్కడే అంటుకుంది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. మైసయ్య అందులో కొడుక్కి సీటు కొన్నాడు. సీటైతే కొనగలిగాడు గానీ చదువు కొనలేడు కదా. ప్రతాప్ రెండో ఏడులోనే చతికిలబడ్డాడు. వాడితో చేరినవాళ్లు ఉద్యోగాలు సంపాదించి కొంపల్లిలో ఫ్లాట్లు చూసుకుంటుంటే, వీడు ఇంకా ఆ కాలేజీ గేటు దగ్గరే ఉన్నాడు. చదవలేనివాడు ఖాళీగా ఉండలేడు. అందుకని విద్యార్థి రక్షణ సేన అని ఒకటి పెట్టాడు. ఆ సేనకు సేనాపతి ప్రతాప్. సైన్యం శేఖర్ అనే ఒక్కడే, వాడూ వీడియోలు తీయడానికి.

పేరేమో రక్షణ సేన. ఎవరి నుంచి ఎవరిని రక్షించాలో తెలియక కొన్నాళ్లు సతమతమయ్యాడు. చివరికి దొరికారు, స్కూటీల మీద వచ్చే ఆడపిల్లలు. ఆ దారిలో కంకర లారీల దుమ్ము, ఎండ. అందుకని పిల్లలు కళ్లు మాత్రం కనబడేలా మొహానికి చున్నీ చుట్టుకుని వస్తారు. అది లోకమెరిగిన సంగతి. వీడికి మాత్రం అందులో కుట్ర కనిపించింది. "ముసుగులేసుకొని ఎవలెవలో లోపటికి వస్తున్నరు, సేఫ్టీ ఉండాలె గదా" అని గేటు దగ్గర కాపు కాసి, ఒక్కొక్క స్కూటీనీ ఆపి "మొఖం జూపియ్యి, ఐడీ జూపియ్యి" అనడం మొదలుపెట్టాడు. విప్పినవాళ్ల మొహాలు తీరిగ్గా చూసి, "పో చెల్లె" అని పంపేవాడు. చెల్లె అనే మాటకు అంతకన్నా అవమానం ఇంకొకటి ఉండదు. ప్రిన్సిపాల్‌కు చెబితే "కొంచెం అడ్జస్ట్ అవ్వండమ్మా, మంచి కుర్రాడే" అన్నాడు. ఆయన మంచితనానికి కొలబద్ద ఏమిటో ఆయనకే తెలియాలి.

అమూల్య అనే మూడో ఏడు అమ్మాయి ఒకరోజు చున్నీ విప్పనంది. "నువ్వెవరన్నా నన్ను అడగనీకి?" అంది. శేఖర్ ఫోను పట్టుకుని ఉన్నాడు. ఆ మాత్రం ధైర్యం చాలు మన సింహానికి. చున్నీ పట్టి లాగాడు. పిన్నుతో పాటు కమ్మ చిక్కుకుని చెవి తమ్మె చీలింది. రక్తం కారుతున్న పిల్లను వదిలేసి, "ముసుగు తీయించిన అన్న" అని ఆ వీడియోను సాయంత్రానికల్లా ఊరూరా పంపుకున్నాడు. పైగా "మీ ఇల్లెక్కడో నాకు ఎరికే" అని ఆ పిల్లను బెదిరించాడు కూడా.

అమూల్య తండ్రి గాలయ్యది రావల్‌కోల్. కాలేజీ వెనక గోడ అవతల కూరగాయల తోట ఆయనది. వీడియో చూసి బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టాడు. ఎవరైనా కేసు పెడదామంటే వద్దని చేతులు జోడించాడు. అమూల్య స్నేహితురాలు, కొంపల్లి నుంచి వచ్చే సాయిప్రియ, ఇంటికి వెళ్లి బతిమాలింది. ఇంకో వారం రాకపోతే హాజరు చాలక ఏడాది మొత్తం పోతుందని చెప్పింది. గాలయ్య ఆమెను రోడ్డు దాకా తీసుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూపించాడు. నల్ల కళ్లద్దాలతో ప్రతాప్, వెనక జూలు విదిలించే సింహం, చుట్టూ పెద్ద పెద్ద నాయకుల బొమ్మలు.

"సూడు బిడ్డా. గసొంటోల్లతోని మాకేం కొట్లాట? రేపు నా బిడ్డకు ఏమన్న అయితే ఎవడొస్తడు? సదువు పోతే పోయె, పాణమన్న ఉంటది" అన్నాడు.

సాయిప్రియ ఆ ఫ్లెక్సీ కింద నిలబడి చాలాసేపు చూసింది. ఈ పెద్దాయన భయపడుతున్నది మనిషికి కాదు, ఈ గుడ్డకు అని ఆమెకు అర్థమైంది. మనిషిని చూపిస్తే సరిపోతుంది. కానీ వాడిని ఉన్నది ఉన్నట్టుగా చూపించాలి.

బోనాల సోమవారం కాలేజీకి సెలవు. పొద్దుటి నుంచి ముసురు. వాచ్‌మన్ గేటు దగ్గరికి వేసి అత్తగారింటికి పోయాడు. సెలవు రోజున ఎవరూ లేని కాలేజీలో మెట్లు దిగుతూ వీడియో తీసుకోవడం ప్రతాప్‌కు అలవాటు. నలుగురిలో దిగితే నవ్వుతారని వాడికీ తెలుసు. "ఖాళీ క్యాంపస్‌లో ఒంటరి సింహం" అని ముందు రోజే ఊరందరికీ చాటుకున్నాడు. శేఖర్ మేనత్త ఇంట్లో బోనాలకు పోవడంతో, ఒక ఫోను స్టాండుకు బిగించి, రెండో ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాయకుడికి రెండు ఫోన్లుండాలని వాడి లెక్క.

మూడోసారి మెట్లు దిగుతుంటే గేటు కిర్రుమంది. స్కూటీలు వరసగా లోపలికి వచ్చి మెట్ల ముందు ఆగాయి. అందరూ పొడుగు రెయిన్‌కోట్లు తొడిగి, మొహాలకు చున్నీలు చుట్టుకుని, మీద హెల్మెట్లు పెట్టుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు, దిగలేదు. ఊరికే చూస్తున్నారు.

అవి రోజూ గేటు దగ్గర తను ఆపే స్కూటీలే. రోజూ విప్పించే చున్నీలే. వాడికి తట్టలేదు. మొహాలను కళ్లప్పగించి చూశాడే గానీ మనుషులను ఎప్పుడైనా చూస్తేగా!

"ఎవల్రా మీరు? ఎవలు పంపిండ్రు మిమ్మల్ని?" అన్నాడు. మేకపోతు గాంభీర్యం గొంతులోనే వణికింది. అంత భయంలోనూ ఒక మూల సంతోషం: తనకూ శత్రువులున్నారు, తనను చంపించేంత గొప్పవాడయ్యాడు! ఆ సంతోషం కాస్తా ఆ ముసుగుల్లో ఒకరు స్కూటీ దిగి, వరండాలో నేల తుడిచే కర్ర అందుకుని, దానితో మెట్టు మీద మెల్లగా టక్కుమని కొట్టేదాకానే. సింహం కాలికి బుద్ధి చెప్పింది.

లైబ్రరీకి తాళం. ల్యాబులకు తాళం. వీడు ఎటు పరిగెత్తినా అక్కడ ఒక స్కూటీ ముందే నిలబడి హారన్ కొడుతోంది. కొట్టరు, తిట్టరు, పట్టుకోరు. పట్టుకుని నాలుగు తగిలిస్తే వాడికి తెలిసిన భయమే అయ్యేది. ఏమీ చేయకపోతుంటే పై ప్రాణాలు పైనే పోతున్నాయి. తెరిచి ఉన్న ఒకే ఒక్క గదిలో దూరి తలుపేసుకున్నాడు. అది ఆడపిల్లల వెయిటింగ్ రూమ్. బెంచీ కింద బోర్లా పడుకుని శేఖర్‌కు ఫోన్ చేశాడు. అవతల డప్పుల మోత.

"శేఖర్, జల్దీ రారా! నన్ను సంపనీకి వచ్చిండ్రు!"

"ఎవలన్నా? ఎంతమంది?"

ఉన్నది ఉన్నట్టు చెబితే శేఖర్ వచ్చేవాడేమో. అంత తక్కువమందికి భయపడ్డానని చెప్పుకోవడానికి వీడికి నామోషీ అయింది. "ముప్పై మంది ఉంటర్రా! కత్తులు, రాడ్లు!"

"ముప్పై మందా? మరి నేనొక్కణ్ని వచ్చి ఏం జేస్తనన్నా? నువ్వే ఎట్లనో సూసుకో. నీకేందే, సింహానివి" అని శేఖర్ ఫోన్ పెట్టేశాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది మరీ గట్టిగా అతికింది.

నాయినకు చేద్దామనుకున్నాడు. అసలు సెలవు పూట కాలేజీలో నీకేం పనిరా అని ఆయన అడుగుతాడని ఆగిపోయాడు. ఇంతలో తలుపు మీద కర్ర చప్పుడు.

"లోపట ఎవలు లేరు!" అని అరిచాడు ప్రతాప్.

మళ్లీ టక్కుమంది.

"ప్రతాప్ అన్న పోయిండు! నేను కాదు, నేను శేఖర్‌ని! వీడియోలు తీసేటోన్ని! ఏదున్నా ప్రతాప్‌తోనే సూసుకోండ్రి, అత్వెల్లిల ఉంటడు, ఇల్లు జూపిస్త!"

బయట చున్నీల్లో నవ్వు ఆపుకోలేక ఎవరో దగ్గారు. వాడికది పళ్లు నూరుతున్నట్టు వినిపించింది. వెనక కిటికీకి చువ్వల్లేవు. ఎక్కి దూకాడు. వెనక వైపు ఒక్క స్కూటీ కూడా లేదు! ఎదురుగా ప్రహరీ గోడ కూలిన చోటు. అంతమందిని ఏమార్చి దారి కనిపెట్టిన తన తెలివికి తనే మురిసిపోతూ, గోడ దాటి, తడిసిన రేగడిలో బోర్లా పడి, ఎడమ కాలి బూటు బురదకు సమర్పించి, వంకాయ మళ్ల మీదుగా పరుగెత్తాడు.

బోరు మోటారు దగ్గర ఒక పెద్దాయన పార పట్టుకుని మడిలో నిలిచిన వాన నీళ్లు బయటికి మళ్లిస్తున్నాడు. ప్రతాప్ వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"పెద్దయ్యా, నీ కాల్మొక్త, నన్ను దాచిపెట్టు! ముసుగులేసుకొని వస్తున్నరు, సంపుతరు!"

ఆ పెద్దాయన గాలయ్యే. రేగడి పూసుకున్న ఆ మొహాన్ని ఆయన పోల్చుకోలేదు. ఆపదలో ఉన్నవాడిని కులం అడగని మనిషి. "లే బిడ్డా, లే. ఎవల పిలగానివి? గింత వణుకుతున్నవేంది?" అని లేపి, మోటారు గది పక్కన కూర్చోబెట్టి, మీద రెండు ఎరువు సంచులు కప్పాడు. తను పార భుజాన వేసుకుని అడ్డంగా నిలబడ్డాడు. "రానియ్యి, ఎవలొస్తరో సూస్త. నా చేన్లకొచ్చి ఎవల్ని సంపుతరో" అన్నాడు. సంచుల కింద సింహం ఏడుస్తోంది. ముక్కు చీదే చప్పుడు కూడా గాలయ్యకు వినిపించింది.

ముసుగులు గట్ల మీదుగా తీరిగ్గా నడిచి వచ్చాయి. వచ్చి హెల్మెట్లు తీశాయి. చున్నీలు విప్పాయి. చెమటతో ఎర్రబడిన ఆడపిల్లల మొహాలు: సాయిప్రియ, శృతి, జాస్మిన్, ఇంకో ఇద్దరు.

"గిదేంది? మీరా బిడ్డా?" అన్నాడు గాలయ్య, పార దించి.

వంకాయలు తెంపుతున్న అమూల్య గంప పక్కన పెట్టి లేచి వచ్చింది. చెవికి ఇంకా ప్లాస్టరు ఉంది. తండ్రి పక్కగా వెళ్లి సంచులు ఎత్తింది. ప్రతాప్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, "నేను కాదు, నేను కాదు" అంటున్నాడు.

"నాయినా, ఫ్లెక్సీల ఉన్నాయన గీయననే" అంది అమూల్య.

"పందుల తోలేటప్పుడు ఒక దిక్కు ఇడిసిపెట్టాలె, గటే ఉరుకుతయని అమూల్యనే చెప్పింది అంకుల్. మేం చెయ్యి గూడ వెయ్యలే. మీ తోట దాంక ఆయనే వచ్చిండు" అంది సాయిప్రియ.

ప్రతాప్ కళ్లు తెరిచాడు. ఆ మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి, ఇంతసేపూ ఎవరికి భయపడి పరుగెత్తాడో. లేచి కాలర్ సర్దుకోబోయాడు గానీ కాలర్ నిండా రేగడి. "జోక్ జేస్తున్నరా? నేనెవరో ఎరికేనా..." అని మొదలుపెట్టాడు.

గాలయ్య ఒంగి వాడి మొహంలోకి చూశాడు. మూతి మీద సరిగా మొలవని మీసం, చీమిడి, ఒక కాలికి బూటు, ఒక కాలికి తడిసిన మేజోడు. నెల రోజులుగా ఇంటి గొళ్లెం రెండుసార్లు చూసుకుని పడుకున్నాడు ఆయన. బిడ్డ మౌనంగా వంకాయలు తెంపుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. సిగ్గేసింది, అదీ తన మీదే.

"గీనికా?" అన్నాడు మెల్లగా. "గీనికి భయపడా బిడ్డా, నేను నీ సదువు బంద్ వెట్టింది?"

ప్రతాప్ దెబ్బ కోసం భుజాలు ముడుచుకుని నిలబడ్డాడు. దెబ్బ పడలేదు. పడి ఉంటే ఆసుపత్రికి పోయి కట్టు కట్టించుకుని ఆ ఫొటో పెట్టుకునేవాడు. పెద్దాయన వాడిని పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. నీళ్ల కాలువకు అడ్డంగా నిలబడ్డాడని.

"రేపు కాలేజీకి పో బిడ్డా" అన్నాడు కూతురితో.

"గేటు కాడ మళ్ల నిలవడ్తడు నాయినా."

గాలయ్య పార అందుకుని మడిలోకి దిగాడు.

"నిలవడనియ్యి" అన్నాడు.