బావ పిండిన వేపగింజలు

మొన్న, మేముంటున్న ఈ పరాయి దేశంలో, డ్రోహెడా అనే ఊళ్ళో మొక్కలమ్మే దుకాణంలో మా ఆవిడ ఒక సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. వేపనూనె. "ఇగో, మా అన్న చేతుల వాసన," అంది నవ్వుతూ. నేను మాత్రం గబుక్కున సీసా లాక్కుని మూత పెట్టేశాను. ఈ వయసులో ఒక వాసనకు దడుచుకోవడం సిగ్గుచేటే గానీ, దడుచుకున్నాను.

ఊరినిండా క్రేన్లు నిలబడి, చూస్తుండగానే కొత్త ఇళ్ళు లేస్తున్న రోజుల్లో, ఆమె అన్న, అంటే మా బావ, ఒక మే నెలలో మా అద్దె ఇంటికి వచ్చాడు. వరంగల్ దగ్గర పత్తి రైతు. అటుకుల సంచిలో వేపగింజలు దాచుకుని విమానమెక్కినవాడు ఆయనొక్కడే అయివుంటాడు. పక్కింటి ముసలావిడ గులాబీలకు పేనుబంక పురుగు పట్టడం చూశాక ఆయన చేతులు ఊరుకోలేదు. గింజలు దంచి, నా పాత చొక్కా గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బకెట్ నీళ్ళలో నానబెట్టాడు. మర్నాడు తెల్లటి నీళ్ళు దిగేదాకా ఆ మూటను పిండి, వడగట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపాడు. ఇల్లంతా ఒకటే కంపు. ఇక పొద్దు వాలాక కొట్టాలని బకెట్ పక్కన పెట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. ఏడయింది, ఎనిమిదయింది, వెలుతురు తగ్గదు. "ఎండ తగిలితే దీని పవర్ పోతది. ఈడ సూర్యుడు ఇంటికి పోడా బావా?" అన్నాడు విసుగ్గా. తొమ్మిది దాటాక గానీ కొట్టలేదు. అలా వారం వారం ఓపిగ్గా కొట్టి, పేనుబంక పోయాకే వదిలాడు. పక్కింటావిడ "గ్రాండ్, గ్రాండ్" అంటూ కేకు పట్టుకొచ్చింది.

ఊరికి తిరిగి వెళ్ళాక, ఆ ఏడే ఆయన పత్తికి పురుగు పట్టింది. నేను లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు పనిలో తలమునకలుగా ఉండగా ఫోన్ చేశాడు. "వేపనీళ్ళు ఇంకో రెండుసార్లు కొడితే ఆగుతదేమో బావా. అందరు పెద్ద మందు కొట్టుమంటున్నరు. నువ్వేమంటవ్?" చదువుకున్నవాణ్ణని నన్ను అడిగాడు. నాకేమో మీటింగుకు ఆలస్యమవుతోంది. "ఇంకా ఆ గింజలేంది బావా, ఆ మందేదో కొట్టెయ్," అని పెట్టేశాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ మందు కొడుతూ, దాని విషం ఎక్కి చేలోనే పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

"అంత నమ్మకమున్నోడు వేప ఎందుకు ఇడిచిపెట్టిండో," అని మా ఆవిడ ఇప్పటికీ ఉండుండి అంటుంది. నేను మాట మారుస్తాను. ఆ ఫోన్ సంగతి తనకు తెలియదు, చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ రోజు నేను మాట్లాడింది నిమిషం కూడా ఉండదు. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ నిమిషం ఇంకా పూర్తికాలేదు.